రెండు సర్వర్లకు ఒకే ఐస్కజీ లన్ ఇచ్చాను, ఒకదాంట్లో పెట్టిన ఫైల్ రెండోదాంట్లో కనిపించట్లేదు

కొత్త_క్లస్టర్:
అందరికీ నమస్తే. నా దగ్గర రెండు లైనక్స్ సర్వర్లు, ఒక స్టోరేజ్ బాక్స్ ఉన్నాయి. బాక్స్‌లో 2 టీబీ లన్ (సర్వర్‌కి ఒక డిస్క్‌లా కనిపించే స్టోరేజ్ ముక్క) చేసి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్క్ ఇచ్చే పద్ధతి) మీద రెండు సర్వర్లకూ మ్యాప్ చేశాను. డిస్క్ రెండింట్లోనూ కనిపిస్తోంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌తో ఫార్మాట్ చేసి రెండు చోట్లా మౌంట్ చేశాను. తలనొప్పి అక్కడే మొదలైంది. మొదటి సర్వర్‌లో ఫైల్ పెడితే రెండోదాంట్లో రాదు. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేస్తే వస్తుంది. రెండోదాంట్లో పెట్టిన ఫోల్డర్ ఒకటి ఏకంగా మాయమైంది. "సింక్" ఆప్షన్‌తో మౌంట్ చేసినా తేడా లేదు. వెబ్ అప్లికేషన్ అప్‌లోడ్లు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రెండూ ఈ వాల్యూమ్ మీదికే రావాలి. ఇంకా లైవ్‌కి వెళ్లలేదు, టెస్ట్ డేటా మాత్రం చాలా ఉంది. ఒక సర్వర్ పడిపోతే రెండోది అందుకోవాలి. దీనికి వేరే మౌంట్ ఆప్షన్ ఏమైనా ఉందా?

రాత్రి_డ్యూటీ:
ఆప్షన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండో సర్వర్‌లో వెంటనే అన్‌మౌంట్ చేయండి. ఆ తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ టూల్‌ని మార్పులు చేయని మోడ్‌లో, అంటే మైనస్ ఎన్ పెట్టి నడిపి ఎంత పాడైందో చూడండి.

బ్లాక్_లెవల్:
ఆగండి, అన్‌మౌంట్ వద్దు! అన్‌మౌంట్ చేసే ముందు కెర్నల్ మెమరీలో మిగిలినవన్నీ డిస్క్ మీదికి తోస్తుంది. రెండో సర్వర్ మెమరీలో ఉన్న పాత లెక్కలు మొదటి సర్వర్ రాసిన వాటిమీద పడతాయి. నేనైతే ఈ వరసలో వెళ్తాను. రెండు సర్వర్లలోనూ కావలసిన ఫైళ్లు ఇంకా చదవగలిగితే, వాటిని వేరే డిస్క్‌కి కాపీ చేసుకోండి. స్టోరేజ్ బాక్స్‌లో లన్‌కి స్నాప్‌షాట్ తీయండి. బాక్స్ వైపు నుంచే రెండో సర్వర్ మ్యాపింగ్ తీసేయండి. అప్పుడు ఆ సర్వర్‌ని బలవంతంగా రీబూట్ చేయండి. రిపేర్ పని ఆ తర్వాతే.

రాత్రి_డ్యూటీ:
నిజమే, ఆ వరసే కరెక్ట్. స్నాప్‌షాట్ మాత్రం మర్చిపోకండి.

కొత్త_క్లస్టర్:
అలాగే చేశాను. చాలావరకు ఫైళ్లు దక్కాయి. కానీ అసలు ఎందుకిలా అయింది? డిస్క్ ఒకటే కదా, రాసింది రెండువైపులా కనిపించాలి కదా?

బ్లాక్_లెవల్:
డిస్క్ ఒకటే, కానీ ఆ డిస్క్ గురించి ఎవరి జ్ఞాపకం వాళ్లది. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటివి "ఈ డిస్క్‌ని వాడేది నేనొక్కడినే" అన్న నమ్మకంతో రాసినవి. ఏ బ్లాకులు ఖాళీ, ఏ ఇనోడ్ (ఫైల్ వివరాలుండే నమోదు) ఎక్కడ, డైరెక్టరీలో ఏముంది, అన్నీ ఒకసారి చదివి మెమరీలో పెట్టుకుంటాయి. పక్కవాడు మార్చి ఉంటాడేమోనని మళ్లీ డిస్క్ చూడవు. ఒకే ఖాతా పుస్తకానికి ఇద్దరు గుమాస్తాలు చెరొక నకలు తీసుకుని, సాయంత్రం ఎవరి నకలు వాళ్లు అసలు పుస్తకంలోకి ఎక్కించినట్టు ఉంటుంది.

మీ ఫోల్డర్ సంగతికి వస్తే, మొదటి సర్వర్ ఒక బ్లాక్‌ని ఒక ఫైల్‌కి ఇచ్చింది. రెండో సర్వర్ లెక్కలో అది ఇంకా ఖాళీయే, అదే బ్లాక్‌ని మీ ఫోల్డర్‌కి ఇచ్చింది. చివర రాసినవాడిది మిగిలింది. పైగా జర్నల్ (చేయబోయే మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా) కూడా ఒకటే, ఇద్దరూ అందులోనే రాస్తున్నారు. "సింక్" వల్ల మీరు రాసింది డిస్క్‌కి త్వరగా చేరుతుంది, అంతే. అవతలి సర్వర్ తన జ్ఞాపకాన్ని చెరిపేసి మళ్లీ చదవదు.

రెండోదాన్ని రీడ్ ఓన్లీగా పెట్టుకుంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. జర్నల్‌లో పని మిగిలి ఉంటే రీడ్ ఓన్లీ మౌంట్‌లో కూడా అది రీప్లే అవుతుంది, అంటే డిస్క్ మీద రాత జరిగినట్టే. ఈఎక్స్‌టీ4లో "నోలోడ్", ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో "నోరికవరీ" పెడితే అది ఆగుతుంది గానీ పాత డేటా చూపించే జబ్బు పోదు. ఈఎక్స్‌టీ4లో ఎంఎంపీ అనే రక్షణ ఉంది, ఆన్ చేస్తే రెండో మౌంట్‌ని అడ్డుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో అలాంటిది లేదు.

కొత్త_క్లస్టర్:
మరి స్టోరేజ్ బాక్స్ ఒకే లన్‌ని ఇద్దరికి ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకుంటోంది?

పాత_అడ్మిన్:
దానికి ఫైల్ అంటే ఏంటో తెలియదు. ఫలానా బ్లాక్ ఇవ్వు, ఫలానా బ్లాక్ రాయి, ఈ రెండే దానికి తెలుసు. క్లస్టర్లకు ఆ సౌకర్యం అవసరం కూడా. వీఎంవేర్ వీఎంఎఫ్‌ఎస్, విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి వస్తున్న క్లస్టర్ షేర్డ్ వాల్యూమ్స్, అన్నీ ఇలా పంచిన లన్ మీదే నడుస్తాయి. తేడా ఏంటంటే అక్కడ ఎవరు ఎప్పుడు రాయాలో తేల్చే పొర ఒకటి పైన ఉంటుంది. మీ సెటప్‌లో ఆ పొర లేదు.

జర్నల్_ప్రేమికుడు:
ఆ పొరే కావాలంటే జీఎఫ్‌ఎస్2 అనే క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ వాడండి బ్రో. లేదంటే ఓసీఎఫ్‌ఎస్2. రెండూ 2006లోనే లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చాయి, కొత్త సరుకేం కాదు. ఒక్కో నోడ్‌కి, అంటే క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌కి, ఒక్కో జర్నల్ ఉంటుంది. డీఎల్ఎం అనే లాక్ మేనేజర్ నెట్‌వర్క్ మీద నోడ్ల మధ్య లాకులు నడిపిస్తుంది. ఒక నోడ్ ఫైల్ మార్చాలంటే ముందు లాక్ తీసుకుంటుంది. అవతలి నోడ్ తన దగ్గరున్నది డిస్క్‌కి రాసి, క్యాష్ చెరిపేసి లాక్ వదులుతుంది. మీరు మొదట్నుంచీ కోరుకుంటున్నది ఇదే. ఫార్మాట్ చేసేటప్పుడు రెండు జర్నళ్లు ఇవ్వండి, "నోఎటైమ్"తో మౌంట్ చేయండి. లేకపోతే ఫైల్ చదివినప్పుడల్లా టైమ్ రాయడానికి లాకులు కొట్టుకుంటాయి.

పాత_అడ్మిన్:
జర్నల్_ప్రేమికుడు గారు చెప్పింది తప్పు కాదు. కానీ ఈ కేసుకి నేనది సిఫారసు చేయను. కొత్త_క్లస్టర్ గారూ, రెండు సర్వర్లూ ఒకే సమయంలో రాయాల్సిన అవసరం మీకు నిజంగా ఉందా?

డేటాబేస్‌కి లేదు. క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ మీద పెట్టినంత మాత్రాన పోస్ట్‌గ్రెస్ రెండు చోట్ల నడవదు. ఒక డేటా డైరెక్టరీ మీద రెండు సర్వర్లలో స్టార్ట్ చేస్తే ఫైల్‌సిస్టమ్ బాగానే ఉంటుంది, డేటాబేస్ నాశనమవుతుంది. పీఐడీ ఫైల్ ఆపుతుంది కదా అనుకోవద్దు. అందులో ఉన్న ప్రాసెస్ నంబర్ అవతలి మెషిన్‌ది, ఇక్కడ వెతికితే దొరకదు.

అప్‌లోడ్లకు అవసరం ఉండొచ్చు. కానీ రెండు వెబ్ సర్వర్లు ఒకే డైరెక్టరీలో చిన్నచిన్న ఫైళ్లు ఎడాపెడా సృష్టిస్తుంటే, ఆ డైరెక్టరీ లాక్ బంతిలా అటూ ఇటూ ఎగురుతుంది. జీఎఫ్‌ఎస్2కి సరిగ్గా కష్టమయ్యే పని అదే. ఇంకో మాట, రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్ఈఎల్ 10తో జీఎఫ్‌ఎస్2 ఉన్న రెసిలియెంట్ స్టోరేజ్ యాడ్ఆన్‌ని ఆపేసింది. ఇవాళ కొత్తగా కట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నా ఓటు యాక్టివ్-ప్యాసివ్‌కి. మామూలు ఎక్స్‌ఎఫ్‌ఎస్, దానికింద ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా నిర్వహించే పొర), పైన పేస్‌మేకర్ (ఏ సర్వీస్ ఏ నోడ్‌లో నడవాలో చూసేది), కోరోసింక్ (నోడ్ల మధ్య మాటలు నడిపేది). లన్ ఇద్దరికీ కనిపిస్తుంది, ఒకరే మౌంట్ చేస్తారు. ఆ ఒకరు పోతే రెండోవాళ్లు తీసుకుంటారు.

జర్నల్_ప్రేమికుడు:
డైరెక్టరీ లాక్ గోల ఒప్పుకుంటా. కానీ ఒక్కో సర్వర్‌కి వేరే సబ్‌డైరెక్టరీ ఇస్తే జీఎఫ్‌ఎస్2 హాయిగా నడుస్తుంది. అందరూ దాన్ని దయ్యంలా చూడటం నాకు నచ్చదు 🙂

జీరో_డౌన్‌టైమ్:
అప్‌లోడ్ల కోసం ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే సర్వీస్) పెట్టేస్తే పోలా? రెండు వెబ్ సర్వర్లూ క్లయింట్లు అవుతాయి.

రాత్రి_డ్యూటీ:
ఆ ఎన్ఎఫ్ఎస్ సర్వర్ ఒకటే అయితే అది పడగానే అందరూ పడతారు. దాన్నే క్లస్టర్ రిసోర్స్‌గా పెట్టాలి. వాల్యూమ్, ఫైల్‌సిస్టమ్, ఎన్ఎఫ్ఎస్ సర్వీస్, ఎక్స్‌పోర్ట్, చివర్లో ఐపీ, ఈ వరసలో లేవాలి. ఐపీ ముందే లేస్తే ఎక్స్‌పోర్ట్ సిద్ధం కాకముందే క్లయింట్లు వచ్చి తలుపు తట్టి ఎర్రర్ తీసుకుని వెళ్తారు. ఎక్స్‌పోర్ట్‌కి ఎఫ్ఎస్ఐడీ (దాని గుర్తింపు నంబర్) రెండు నోడ్లలోనూ ఒకటే ఇవ్వండి, లేదంటే ఫెయిలోవర్ (పని రెండో నోడ్‌కి మారడం) తర్వాత క్లయింట్లలో "స్టేల్ ఫైల్ హ్యాండిల్" వర్షం కురుస్తుంది. ఎన్ఎఫ్ఎస్ స్థితి దాచుకునే డైరెక్టరీ కూడా పంచిన వాల్యూమ్ మీదే ఉండాలి. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లో గ్రేస్ పీరియడ్ డిఫాల్ట్‌గా 90 సెకన్లు. ఫెయిలోవర్ అయ్యాక క్లయింట్లు కొంతసేపు బిగుసుకుపోయినట్టు అనిపిస్తే కంగారుపడకండి, పాత లాకులు తిరిగి తీసుకోవడానికి ఇచ్చే గడువు అది. తగ్గించుకోవచ్చు కూడా.

కొత్త_క్లస్టర్:
సరే, యాక్టివ్-ప్యాసివ్ అర్థమైంది. పేస్‌మేకర్ ఇన్‌స్టాల్ చేశాను. కానీ ఫెన్సింగ్ (జవాబివ్వని నోడ్‌ని బయటి నుంచి బలవంతంగా ఆపడం) పరికరం లేదని ఏ రిసోర్సూ స్టార్ట్ కావట్లేదు. నెట్‌లో చూస్తే స్టోనిత్ ఎనేబుల్డ్ అనే ఫెన్సింగ్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేయమన్నారు. అది చేస్తే అంతా పచ్చగా లేచింది. ఇలాగే ఉంచొచ్చా?

పాత_అడ్మిన్:
వద్దు! ల్యాబ్‌లో కమాండ్లు నేర్చుకోవడానికైతే పర్వాలేదు. పంచిన డిస్క్ ఉన్నచోట అది ఆపేస్తే మీరు మొదటి పోస్ట్‌లో రాసిన సమస్యకే తిరిగొస్తారు, ఈసారి ఆటోమేటిక్‌గా.

కొత్త_క్లస్టర్:
ఒకరే మౌంట్ చేయాలని పేస్‌మేకర్ చూసుకుంటుంది కదా?

బ్లాక్_లెవల్:
ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నంతసేపు చూసుకుంటుంది. మాట తెగినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. మొదటి నోడ్ జవాబు ఇవ్వట్లేదు. అది చచ్చిపోయిందా, నెట్‌వర్క్ తెగిందా, లేక కాసేపు స్తంభించిందా? రెండో నోడ్‌కి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. మొదటి నోడ్ వర్చువల్ మెషిన్ అనుకోండి. హైపర్‌వైజర్ స్నాప్‌షాట్ తీస్తూ దాన్ని 20 సెకన్లు ఆపింది. కోరోసింక్ టోకెన్ టైమౌట్ (జవాబు కోసం ఎదురుచూసే గడువు) కొన్ని సెకన్లే. రెండో నోడ్ "అవతలివాడు పోయాడు" అని తీర్మానించి, వాల్యూమ్ మౌంట్ చేసి, డేటాబేస్ లేపి, రాయడం మొదలుపెట్టింది. ఇంతలో మొదటి నోడ్ కళ్లు తెరిచింది. దాని లెక్క ప్రకారం సమయమే గడవలేదు. మెమరీలో రాయాల్సిన పేజీలు సిద్ధంగా ఉన్నాయి, కెర్నల్ వాటిని డిస్క్ మీదికి తోసేస్తుంది. "నువ్వు పోయావు, ఆపు" అని క్లస్టర్ దానికి చెప్పేలోపే పని అయిపోతుంది. ఏ స్క్రిప్టూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఆ స్క్రిప్ట్ కూడా అదే స్తంభించిన మెషిన్‌లో నడవాలి.

అందుకే రెండో నోడ్ వాల్యూమ్‌ని ముట్టుకునే ముందే, మొదటిది ఇక రాయలేదని బయటి నుంచి ఖాయం చేసుకోవాలి. కరెంట్ తీసేయడమో, స్టోరేజ్ వైపు తలుపు మూసేయడమో. ఏ ఫైల్‌సిస్టమ్ ఎంచుకున్నా ఈ పని తప్పదు. జీఎఫ్‌ఎస్2 అయితే మరీను, ఫెన్సింగ్ పూర్తయ్యేదాకా లాకులు తిరిగి ఇవ్వదు, మౌంట్ మొత్తం ఆగిపోతుంది.

జీరో_డౌన్‌టైమ్:
కోరం పెడితే ఇదంతా అక్కర్లేదు కదా? మెజారిటీ లేని నోడ్ తనంతట తానే ఆగిపోతుంది.

బ్లాక్_లెవల్:
పైన చెప్పిన కేసులో నోడ్ నిద్రపోతోంది, కోరం పోయిందని దానికి తెలిసేది లేచాకే. ఎవరు నిలవాలో కోరం తేలుస్తుంది. రెండోవాళ్లు రాయకుండా ఆపే శక్తి దానికి లేదు. అదీగాక ఈయనకి రెండు నోడ్లే, ఒకటి పోతే మిగిలింది సగం, మెజారిటీ కాదు. అందుకే కోరోసింక్‌లో టూ_నోడ్ సెట్టింగ్ ఇస్తారు. దాంతోపాటు వెయిట్_ఫర్_ఆల్ దానంతటదే ఆన్ అవుతుంది, అంటే మొదటిసారి లేచేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటేనే పని మొదలు. దాన్ని తీసేయకండి. మూడో చోట ఒక చిన్న మెషిన్ దొరికితే క్యూడివైస్ (మూడో ఓటు వేసేది) పెట్టుకోవడం ఇంకా మేలు.

కొత్త_క్లస్టర్:
నా సర్వర్లకు ఐపీఎంఐ (దూరం నుంచే సర్వర్‌ని ఆన్, ఆఫ్ చేసే సౌకర్యం) ఉంది. దాంతో ఫెన్సింగ్ సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ:
మొదలుపెట్టడానికి మంచిదే. ఒక లొసుగు ఉంది. సర్వర్‌కి కరెంట్ పూర్తిగా పోతే ఐపీఎంఐ కూడా పోతుంది. అప్పుడు రెండో నోడ్ "ఆఫ్ చెయ్" అని పంపితే జవాబు రాదు. జవాబు రాకపోతే ఫెన్సింగ్ విఫలమైనట్టే లెక్క, రిసోర్సులు కదలవు. నిజంగా చచ్చిన నోడ్ వల్లే క్లస్టర్ ఆగిపోతుంది! దీనికి రెండో లెవల్ ఫెన్సింగ్ పెట్టాలి.

ఇంకోటి. రెండు నోడ్ల మధ్య లింక్ తెగితే ఇద్దరూ ఒకరినొకరు ఒకేసారి ఆఫ్ చేసుకోగలరు. ఒక నోడ్ ఫెన్స్ పరికరానికి పేస్‌మేకర్‌లో కొద్ది సెకన్ల డిలే ఇవ్వండి, ఆ నోడ్ గెలుస్తుంది.

పాత_అడ్మిన్:
రెండో లెవల్‌కి స్టోరేజ్‌నే వాడుకోవచ్చు. స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్లను మీ బాక్స్ సపోర్ట్ చేస్తే ఫెన్స్_స్కజీ పనిచేస్తుంది. ప్రతి నోడ్ లన్ దగ్గర ఒక కీ నమోదు చేసుకుంటుంది. కీ ఉన్నవాళ్లకే రాసే హక్కు. ఫెన్స్ చేయడమంటే అవతలివాడి కీ పీకేయడం. ఆ తర్వాత వాడు మేలుకుని రాయబోయినా బాక్స్ తిరస్కరిస్తుంది. నాకు ఈ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది, కాపలా డేటా దగ్గరే ఉంటుంది కాబట్టి. కాకపోతే మెషిన్ ఆఫ్ కాదు, రీబూట్ చేసి మళ్లీ కీ నమోదు చేయించాలి. మల్టీపాత్ (స్టోరేజ్‌కి ఒకటికంటే ఎక్కువ దారులు) ఉంటే ఫెన్స్_ఎంపాత్ వాడండి. బాక్స్‌లో సపోర్ట్ ఉందో లేదో ముందు ఎస్‌జీ_పర్సిస్ట్ కమాండ్‌తో చూసుకోండి, బ్రోషర్‌ని నమ్మకండి.

ఎల్‌వీఎంలో కూడా ఒక తాళం వేయండి. సిస్టమ్ ఐడీ అని ఉంటుంది, దాన్ని మెషిన్ పేరుతో ఆన్ చేస్తే వాల్యూమ్ గ్రూప్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే యాక్టివేట్ చేయగలరు. ఎల్‌వీఎం-యాక్టివేట్ రిసోర్స్ ఫెయిలోవర్‌లో ఆ పేరు మారుస్తుంది. పొరపాటున చేత్తో మౌంట్ చేసేవాళ్లను ఇది ఆపుతుంది. ఫెన్సింగ్‌కి ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

కొత్త_క్లస్టర్:
అన్నీ పెట్టాను. ఇప్పుడు కొత్త టెన్షన్. రెండు నోడ్లూ ఆన్‌లో ఉంటే ఐస్కజీ సెషన్లు మాటిమాటికీ తెగుతున్నాయి. లాగ్‌లో "డిటెక్టెడ్ కాన్ ఎర్రర్ 1020" అని వరసగా వస్తోంది. ఒక నోడ్ ఆపేస్తే రెండోది బంగారంలా ఉంటుంది. స్విచ్ మార్చి చూశాను, అదే కథ.

లాగ్_చదువరి:
ఇన్నాళ్లూ చదువుతూ కూర్చున్నా, ఇక్కడ మాట్లాడాలి. ఒకటి ఆపితే రెండోది బాగుంటోందంటే నెట్‌వర్క్‌ని అనుమానించే ముందు ఒక ఫైల్ చూడండి. రెండో సర్వర్‌ని మొదటిదాని ఇమేజ్ నుంచి క్లోన్ చేశారా?

కొత్త_క్లస్టర్:
అవును, ఒకే టెంప్లేట్.

లాగ్_చదువరి:
అయితే ఈటీసీ కింద ఐస్కజీ ఫోల్డర్‌లో ఇనీషియేటర్‌నేమ్ ఫైల్ రెండింట్లో ఒకటే ఉండుంటుంది. రెండు మెషిన్లూ ఒకే ఐక్యూఎన్‌తో (ఐస్కజీలో మెషిన్‌ని గుర్తించే పేరు) లాగిన్ అయితే, బాక్స్ దృష్టిలో అది ఒకే మనిషి మళ్లీ వచ్చినట్టు. పాత సెషన్ మూసి కొత్తది తెరుస్తుంది. తెగినవాడు మళ్లీ లాగిన్ అవుతాడు, ఈసారి ఇవతలివాడిది తెగుతుంది. ఐస్కజీ-ఐనేమ్ కమాండ్‌తో రెండోదానికి కొత్త పేరు చేసి ఫైల్‌లో పెట్టండి. బాక్స్‌లో అనుమతుల జాబితాలోనూ ఆ పేరు చేర్చండి. సర్వీస్ రీస్టార్ట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

కొత్త_క్లస్టర్:
రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే! మార్చాను, తెగడం ఆగింది. చాలా థ్యాంక్స్ అన్నా.

రాత్రి_డ్యూటీ:
పనిలో పనిగా టైమౌట్లు కూడా చూసుకోండి. ఐస్కజీలో రీప్లేస్‌మెంట్ టైమౌట్ డిఫాల్ట్‌గా 120 సెకన్లు. దారి ఒకటే ఉంటే అలా ఉండనివ్వండి. మల్టీపాత్‌తో రెండు దారులుంటే 5 సెకన్ల దగ్గరికి తగ్గించండి, లేదంటే ఒక కేబుల్ తెగినప్పుడు రెండో దారికి మారడానికి రెండు నిమిషాలు కూర్చుంటుంది. మల్టీపాత్‌లో "దారి లేకపోతే క్యూలో పెట్టు" అన్న సెట్టింగ్ క్లస్టర్‌లో మంచిది కాదు. అన్ని దారులూ తెగినా ఎర్రర్ రాదు, అప్లికేషన్ వేలాడుతుంది, నోడ్ బాగున్నట్టే నటిస్తుంది.

జీరో_డౌన్‌టైమ్:
ఒక చిన్న సందేహం. ఇంత చేశాక స్టోరేజ్ బాక్సే పోతే?

పాత_అడ్మిన్:
అన్నీ పోతాయి. రెండు కంట్రోలర్లున్న బాక్స్ అయితే హార్డ్‌వేర్ వరకు కొంత నయం. డేటాయే పాడైతే ఫెయిలోవర్ అయిన నోడ్‌కి కూడా ఆ పాడైన డేటాయే దొరుకుతుంది. అందుకే డేటాబేస్‌కి పంచిన డిస్క్ కన్నా దాని సొంత రెప్లికేషన్ (డేటా నకలు రెండో సర్వర్‌కి పంపుతూ ఉండటం) మేలని నా అభిప్రాయం. బాక్స్ లేకుండా చేయాలంటే డీఆర్‌బీడీ ఉంది, 2010లో కెర్నల్ 2.6.33లో చేరింది. ఒక సర్వర్ లోకల్ డిస్క్‌ని రెండోదానికి బ్లాక్ బ్లాక్‌గా కాపీ చేస్తుంది. ప్రోటోకాల్ సీ పెడితే అవతల కూడా రాసినట్టు ఖాయమయ్యాకే అప్లికేషన్‌కి సరే అంటుంది. అందులోనూ ఫెన్సింగ్ కావాలి, లేకపోతే స్ప్లిట్ బ్రెయిన్, అంటే ఇద్దరూ ఎవరికివారే రాసుకుపోతారు.

కొత్త_క్లస్టర్:
సరే, పోస్ట్‌గ్రెస్‌ని స్ట్రీమింగ్ రెప్లికేషన్‌కి మారుస్తున్నాను. అప్‌లోడ్లు ఎన్ఎఫ్ఎస్ క్లస్టర్ మీద. ఇవాళ పరీక్షలు చేశాను. కోరోసింక్‌ని కిల్ చేస్తే ఫెన్స్ అయింది. కెర్నల్‌ని సిస్‌ఆర్‌క్యూతో క్రాష్ చేస్తే అయింది. నెట్‌వర్క్ కేబుల్ పీకితే డిలే ఇచ్చిన నోడ్ గెలిచింది. కానీ ఫెన్స్ అయి రీబూట్ అయిన నోడ్‌లో మౌంట్ విఫలమైందని ఎర్రర్ వచ్చి, బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగింది.

లాగ్_చదువరి:
ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) పాత మౌంట్ లైన్ ఉందా? క్లస్టర్ లేవకముందే సిస్టమ్‌డీ దాన్ని మౌంట్ చేయబోయింది. ఎల్‌వీఎం సిస్టమ్ ఐడీ అడ్డుపడింది కాబట్టి బతికిపోయారు. ఆ లైన్ తీసేయండి. ఎల్‌వీఎం కాన్ఫిగ్ మార్చారు కాబట్టి ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ కూడా మళ్లీ బిల్డ్ చేయండి, బూట్ తొలి దశలో పాత కాన్ఫిగ్ చదవకుండా.

కొత్త_క్లస్టర్:
అదే! ఆ లైన్ ఉంది, తీసేశాను. ఇప్పుడు శుభ్రంగా లేస్తోంది. చివరిగా ఒకటి, రేపు స్థలం చాలకపోతే లన్ పెంచడం ఎలా? సర్వీస్ ఆపాలా?

రాత్రి_డ్యూటీ:
ఆపక్కర్లేదు. బాక్స్‌లో పెంచి, రెండు నోడ్లలోనూ సెషన్ రీస్కాన్ చేయండి, మల్టీపాత్ మ్యాప్‌ని కూడా రీసైజ్ చేయండి. పీవీ (ఎల్‌వీఎం కింది డిస్క్) పెంచడం, ఎల్‌వీ (దాని మీది వాల్యూమ్) పెంచడం, ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రో, ఈ మూడూ యాక్టివ్ నోడ్‌లో మాత్రమే. ప్యాసివ్ నోడ్‌లో రీస్కాన్ మర్చిపోతే అప్పటికి ఏమీ కాదు. ఫెయిలోవర్ జరిగిన రోజున ఆ నోడ్ డిస్క్ ఇంకా పాత సైజే అనుకుంటుంది, ఎల్‌వీఎం రాసుకున్న సైజుకీ దానికీ పొంతన కుదరక వాల్యూమ్ యాక్టివేట్ కాదు. ఇంకోటి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచడం సులువే గానీ తగ్గించడం కుదరదు. కాబట్టి ఎంత పెంచాలో చూసుకుని పెంచండి.